ఎర్రమట్టి ఊళ్ళో నీలి వెలుగు

దీఘా ఒడ్డున నిలబడి చూస్తే బంగాళాఖాతం నీలంగా కనిపించదు. అలలు బురదరంగులో లేచి బురదరంగులోనే విరుగుతాయి. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగే మన తెలుగు పిల్లలు చాలామంది మొట్టమొదట చూసే సముద్రం ఇదే. ఒకపక్క హుగ్లీ, ఇంకోపక్క సువర్ణరేఖ. హిమాలయాల మట్టినీ ఛోటా నాగ్‌పూర్ రాళ్ళ పొడినీ మోసుకొచ్చి ఈ నదులు ఇక్కడ కుమ్మరిస్తాయి. ఆ ఒండ్రు మీదే సుందరవనాల మడ అడవులు నిలిచాయి. రొయ్యలకూ పీతలకూ లెక్కలేనన్ని చేపపిల్లలకూ అదే పుట్టిల్లు. అదే ఒండ్రు వల్ల ఈ తీరంలో పగడపు దిబ్బ ఒక్కటి కూడా కట్టుకోలేదు.

దిబ్బలు కట్టే పగడాలకు అడుగుదాకా దిగే వెలుతురు కావాలి. ఎరువు తక్కువగా ఉన్న తేట ఉప్పునీళ్ళు కావాలి. ఏడాది పొడుగునా పెద్దగా మారని వెచ్చదనం కావాలి. మన దేశంలో ఇవన్నీ కలిసొచ్చిన చోట్లు కొన్నే: కచ్ సింధుశాఖ, మన్నారు సింధుశాఖ, పాక్ అఖాతం, లక్షద్వీపాలు, అండమాన్ నికోబార్ దీవులు. దీఘా దగ్గర వెలుతురు బురదలోనే ఆగిపోతుంది. వానాకాలంలో నదుల వరద ఉప్పదనాన్ని కూడా పలచన చేస్తుంది.

ఖరగ్‌పూర్‌లో ఇంటి ముందుగదిలో పగడాల తొట్టి పెట్టాలని ముచ్చటపడేవారు మొదట గుర్తుంచుకోవలసింది ఇదే. దగ్గరలో ఉన్న సముద్రం ఇవ్వలేకపోయిన వెలుతురునీ తేటదనాన్నీ ఇంట్లో మనమే ఇవ్వాలి. వెలుతురు దీపం పని, తేటదనం వడపోత పని. తొట్టి అందం, చేపల రంగులు, రాళ్ళ అమరిక అన్నీ వీటి తరువాతే.

చీకటి పగడం, వెలుతురు పగడం

తెలుగింటి పెళ్ళిలో పుస్తెల పక్కన ముత్యం, పగడం గుచ్చుతారు. ఆ ఎర్ర పగడం పేరు మోసింది మధ్యధరా సముద్రంలో. ఇటలీలో నేపుల్స్ పక్కనున్న టోర్రే దెల్ గ్రేకో అనే ఊరు తరతరాలుగా దాన్ని చెక్కి పూసలు చేస్తోంది. అది నీటి గుహల్లో, రాతి చూరుల కింద, మసక వెలుతురులో బతుకుతుంది. ప్రవాహంలో కొట్టుకొచ్చే ఆహారపు నలుసుల్ని పట్టుకు తింటుంది. ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా లావెక్కదు. దానికి ఎండతో పని లేదు.

దిబ్బలు కట్టే పగడాల దారి వేరు. అవి కూడా జంతువులే. నోరు, నోటి చుట్టూ వేళ్ళలాంటి స్పర్శకాలు, లోపల ఒక చిన్న సంచి, అంతే ఒక్కో ప్రాణి. కానీ వాటి ఒంటిలో ఒక తోట ఉంటుంది. చర్మం కింది కణాల్లో బంగారు గోధుమరంగు ఏకకణ శైవలాలు కాపురముంటాయి. చదరపు సెంటీమీటరు చోటులో అవి పది లక్షలకు పైగా ఉండగలవు. పగడం వదిలే బొగ్గుపులుసు వాయువునూ వ్యర్థాలనూ అవి తీసుకుంటాయి. ఎండను పట్టి చక్కెరలు తయారుచేసి, అందులో ఎక్కువ భాగం ఇంటి యజమానికే ఇచ్చేస్తాయి. కొన్ని పగడాలకు కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఈ తోట నుంచే అందుతుంది. పసిఫిక్ సముద్రంలోని పలావ్ దీవుల్లో పనిచేసిన జపాన్ శాస్త్రవేత్త సిరో కవాగుతి ఈ కణాలు డైనోఫ్లాజెల్లేట్ల జాతివని 1944లో గుర్తించాడు. 1962లో ఫ్రాయిడెంథాల్ వీటికి సింబయోడినియం అని పేరు పెట్టాడు.

నీళ్ళు మామూలు వేసవి వేడి కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువై వారాల తరబడి అలాగే ఉంటే ఈ కాపురం చెడుతుంది. పగడం శైవలాలను బయటకు తోసేస్తుంది. పారదర్శకమైన చర్మంలోంచి సున్నపు ఎముక తెల్లగా కనిపిస్తుంది. శాస్త్రవేత్తలు దీన్నే బ్లీచింగ్ అంటున్నారు. 1998లో లక్షద్వీపాలు, అండమాన్ దిబ్బలు దీనితో తల్లడిల్లాయి. ప్రపంచమంతటా నాలుగోసారి బ్లీచింగ్ నడుస్తోందని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. కనుక తొట్టి మీద వేలాడే దీపం పగడానికి అన్నం పెట్టే చెయ్యి. దాన్ని ఎంచుకోవడంలో తొందర పనికిరాదు.

నీళ్ళు మింగని రంగు

సూర్యకాంతి సముద్రంలోకి దిగుతుంటే మొదట ఎరుపు చచ్చిపోతుంది. తేట నీళ్ళలోనే కొద్ది మీటర్లకు అది దాదాపు మాయం. తరువాత నారింజ, పసుపు ఒక్కొక్కటే ఆరిపోతాయి. అన్నిటికన్నా లోతుకు దిగేది నీలం. పగడాల శైవలాలు కోట్ల ఏళ్ళుగా ఆ నీలంలోనే బతకడం నేర్చుకున్నాయి. వాటిలోని పత్రహరితాలూ పెరిడినిన్ అనే వర్ణకమూ ఎక్కువగా పట్టుకునేది 430 నుంచి 500 నానోమీటర్ల మధ్యనున్న నీలికాంతినే.

ఇంటి తొట్టిలో ఆ నీలాన్ని చవకగా వెలిగించడం చాలాకాలం సాధ్యం కాలేదు. 250 వాట్ల మెటల్ హాలైడ్ దీపాలు వెలుగుతోపాటు వేడినీ దిమ్మరించేవి. టీ5 గొట్టపు దీపాలు వెలుగును సమంగా పరిచేవి కానీ వాటిని తరచు మార్చాల్సి వచ్చేది. కాంతివంతమైన నీలి ఎల్ఈడీని షుజి నకమురా 1993లో లోకానికి చూపించాక దారి తెరుచుకుంది. ఇసాము అకసాకి, హిరోషి అమానో, నకమురా ముగ్గురికీ 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఇవాళ పగడాల తొట్టి మీద వెలిగే దీపాల్లో ఎక్కువ భాగం ఆ నీలి దీపపు సంతానమే.

కొనేటప్పుడు వాట్లు చూసి మోసపోవద్దు. వాట్లు కరెంటు ఖర్చును చెబుతాయి, పగడానికి అందే వెలుతురును చెప్పవు. ల్యూమెన్లు మనిషి కంటికి కట్టిన కొలత. మన కన్ను ఆకుపచ్చ పసుపుల దగ్గర చురుకు, నీలం దగ్గర మందం. పగడానికి సరిపడే కొలత పార్. ప్రతి సెకనుకు చదరపు మీటరు మీద పడే, కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే కాంతికణాల లెక్క అది, మైక్రోమోళ్ళలో. మిట్టమధ్యాహ్నం ఉష్ణమండల సముద్రం మీద పడేది దాదాపు 2000. మెత్తని తోలు పగడాలకూ పుట్టగొడుగు పగడాలకూ సుమారు 50 నుంచి 150 చాలు. కొమ్మలుగా పెరిగే ఆక్రోపోరా లాంటి రాతి పగడాలు 250కి పైగా అడుగుతాయి. దీపం డబ్బా మీది అంకెను నమ్మకుండా, పార్ మీటరు ఉన్నవారి దగ్గర అరువు తెచ్చుకుని ఇసుక దగ్గరా రాళ్ళ మధ్యా పైభాగానా కొలిచి చూడాలి. ఒకే తొట్టిలో మూడు చోట్లా మూడు వేర్వేరు లోతుల సముద్రం ఉంటుంది.

దీపానికి మూడు గుణాలుండాలి. నీలాన్నీ తెలుపునూ విడివిడిగా పెంచీ తగ్గించీ చేయగలగాలి. ఉదయం మెల్లగా పెరిగి సాయంత్రం మెల్లగా తగ్గేలా గడియారం ఉండాలి. వెలుగు తొట్టి మూలమూలకూ పరుచుకోవాలి. ఒక్క చోటే కుమ్మరించే దీపం పైనున్న పగడాన్ని కాల్చి, కిందనున్నదాన్ని ఆకలితో ఉంచుతుంది. రోజుకు 8 నుంచి 10 గంటల వెలుగు చాలు. కొత్త పగడాన్ని తెచ్చిన రోజే దీపాన్ని పూర్తిగా పెంచకూడదు. తక్కువతో మొదలుపెట్టి మూడు నాలుగు వారాల్లో పెంచుకుంటూ పోవాలి. ఎక్కువ వెలుగు కూడా పగడానికి జబ్బే.

రాత్రి తెల్లకాంతి ఆగి నీలం మాత్రమే మిగిలినప్పుడు పగడాల ఒంట్లోని ప్రోటీన్లు ఆకుపచ్చగా, నారింజగా వెలుగుతాయి. అవి నీలాన్ని పీల్చుకుని మరో రంగులో వదులుతాయి. బయటి దీపం ఒక రంగు, పగడం చెప్పే జవాబు మరో రంగు. ఎంతసేపు చూసినా తనివి తీరని దృశ్యమది.

అంతకన్నా వింత చంద్రుడిది. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో ఏడాదికోసారి, పున్నమి దాటిన కొన్ని రాత్రుల్లో, వందకు పైగా జాతుల పగడాలు అండాలనూ శుక్రకణాలనూ ఒకేసారి నీళ్ళలోకి వదులుతాయని 1980ల్లో తేలింది. లండన్‌లోని హార్నిమన్ మ్యూజియంలో జేమీ క్రాగ్స్ బృందం ఆ సముద్రపు పగటి నిడివినీ నీటి వేడినీ చంద్రుడి వెలుగునూ కంప్యూటరుతో తొట్టిలో నడిపించింది. ఆక్రోపోరాలు సముద్రానికి ఎంతో దూరంలో, గాజు గోడల మధ్య, తమ వేళకే గుడ్లు పెట్టాయి. ఆ ఫలితాలు 2017లో ప్రచురితమయ్యాయి. కళ్ళు లేని ప్రాణికి కూడా వెన్నెల కొలత తెలుసు. దీపం ఎంత జాగ్రత్తగా ఎంచుకోవాలో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

నురగ, సూక్ష్మజీవులు, మొరం

డార్విన్ 1842లో పగడపు దిబ్బల మీద పుస్తకం రాశాడు. ఆయన నాటినుంచీ ఒక చిక్కు ప్రశ్న ఉంది. పోషకాలు దాదాపు లేని నీళ్ళలో ఇంత ప్రాణసంపద ఎలా నిలుస్తోంది? దిబ్బ ఏదీ వృథా చేయదు. 2013లో డచ్ శాస్త్రవేత్త యాస్పర్ డి గూయ్ బృందం స్పాంజీల పాత్రను బయటపెట్టింది. నీళ్ళలో కరిగిన సేంద్రియ పదార్థాన్ని స్పాంజీలు పీల్చుకుని, తమ కణాలను రాల్చి, చిన్న ప్రాణులకు మేతగా మారుస్తాయి. ఒకరి మలినం ఇంకొకరి భోజనం. ఇంట్లో పెట్టే వడపోత ఈ ఏర్పాటుకు సాయం చేయాలి.

మొదటి పనివాళ్ళు సూక్ష్మజీవులు. చేప మలంలోంచీ మిగిలిన మేతలోంచీ పుట్టే అమ్మోనియా విషం. ఒక తెగ బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, మరో తెగ నైట్రేటుగా మారుస్తాయి. ఈ సంగతిని రష్యా శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో వివరించాడు. ప్రాణవాయువు అందని రాతి లోపలి పొరల్లో ఉండే ఇంకో తెగ నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి పంపేస్తుంది. అందుకే చిల్లులు చిల్లులుగా ఉన్న రాళ్ళు తొట్టికి అందమే కాదు, పెద్ద ఫిల్టరు కూడా. జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఔత్సాహికుడు సముద్రపు రాళ్ళు, ఎండ, గాలిబుడగలు మాత్రమే వాడి తొట్టెలు నడిపి, 1961లో ఆ పద్ధతిని ఒక అమెరికన్ పత్రికలో వివరించాడు. ఇంటి పగడాల తోటలకు అదే నారుమడి.

ఈ బాక్టీరియా నిలదొక్కుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా అని పరీక్షలో తేలేదాకా చేపనుగానీ పగడాన్నిగానీ తేకూడదు. ఈ ఓపిక లేని చోటే ఎక్కువ ప్రాణులు పోతున్నాయి.

రెండో పనివాడు నురగ. దీఘా ఒడ్డున అలలు విరిగినచోట తెల్లగా, ఒక్కోసారి పసుపుగా నురగ పేరుకుంటుంది. నీళ్ళలో కరిగిన సేంద్రియ పదార్థాలు గాలిబుడగల పొరకు అంటుకుని పైకొచ్చిన ఫలితమది. ప్రోటీన్ స్కిమ్మర్ అదే పనిని ఒక గొట్టంలో చేస్తుంది. సన్నని బుడగలు ఉప్పునీళ్ళలో పైకి పోతూ మలినాన్ని మోసుకెళ్ళి, పైనున్న గిన్నెలో చిక్కని ముదురు రంగు ద్రవంగా వదిలేస్తాయి. మలినం కుళ్ళి అమ్మోనియాగా మారకముందే బయటకు పోతుంది. తొట్టి కింద సంప్ అనే ఇంకో చిన్న తొట్టి పెట్టుకుని స్కిమ్మరునూ హీటరునూ అందులో దాచడం మంచి పద్ధతి. స్కిమ్మరు తొట్టి పరిమాణం కన్నా కాస్త పెద్దదే తీసుకోవాలి. డబ్బు తక్కువైతే చేపల సంఖ్య తగ్గించండి, స్కిమ్మరు మాత్రం మానకండి.

మూడో పనివాడు మన ఊరికి చుట్టమే. పగడాలకు ఫాస్ఫేటు ఎక్కువైతే పనికిరాదు. అది పెరిగితే నాచు కమ్ముకుంటుంది, పగడం సున్నపు ఎముక కట్టడం మందగిస్తుంది. దాన్ని తీయడానికి తుప్పురంగు గింజల్ని వాడతారు. అవి ఇనుప ఆక్సైడు గింజలు, ఫాస్ఫేటును గట్టిగా పట్టుకుంటాయి. ఖరగ్‌పూర్ నేలను ఎర్రగా చేసింది కూడా ఆ ఇనుప ఆక్సైడే. మేదినీపూర్ లాటరైట్ నేలల్లో వేసిన ఫాస్ఫేటు ఎరువు పంటకు అందకుండా మట్టిలోనే చిక్కుకుపోవడం రైతులకు తలనొప్పి. పొలంలో నష్టం చేసే ఆ గుణమే తొట్టిలో మేలు చేస్తుంది. అలాగని మొరం తెచ్చి తొట్టిలో పోయకూడదు. శుద్ధిచేసిన గింజల్నే వాడాలి, అదీ కొద్దికొద్దిగా. ఫాస్ఫేటు పూర్తిగా సున్నా అయినా పగడం పస్తుంటుంది. లీటరుకు 0.03 నుంచి 0.1 మిల్లీగ్రాముల మధ్య ఉంటే చాలు.

వీటితోపాటు నీటి కదలిక. పగడం నడవలేదు. ఆహారమూ ప్రాణవాయువూ దాని దగ్గరకు రావాలి, వ్యర్థాలు దాని దగ్గర్నుంచి పోవాలి. తొట్టిలో పట్టే నీటికి 20 నుంచి 40 రెట్లు గంటకు కదిలేలా వేవ్‌మేకర్లు పెట్టాలి. ఒకేవైపు సూటిగా తోసే ధార కన్నా అటూ ఇటూ మారే ప్రవాహం మేలు.

ఖరగ్‌పూర్ ఎండలో

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల వాళ్ళు ఇక్కడికొచ్చి వర్క్‌షాపులోనూ షెడ్లలోనూ చెమటోడ్చారు. మోటారు చప్పుడు విని దాని జబ్బు చెప్పగల ఫిట్టర్ల ఊరిది. ఆ నైపుణ్యం తొట్టికి ఎంతో అవసరం. పంపులో ఇసుక చేరిందా, ఇంపెల్లరుకు సున్నం పట్టిందా అన్నది చెవే ముందుగా చెబుతుంది.

ఇక్కడి పెద్ద శత్రువు వేడి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పగడాల తొట్టి 25, 26 డిగ్రీల దగ్గర నిలవాలి. నీటి ఉపరితలం మీద ఫ్యాను పెడితే ఆవిరి వల్ల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. గాలిలో తేమ పెరిగిన కొద్దీ ఆ ఉపాయం పనిచేయదు, అప్పుడు నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రమే దిక్కు. చిల్లరుకు డబ్బు లేకపోతే పగడాల ఆలోచన కొంతకాలం వాయిదా వేయడమే న్యాయం. తొట్టిని కిటికీ ఎండలో పెట్టవద్దు. ఆవిరైపోయిన నీటికి బదులు మంచినీళ్ళే పోయాలి, ఉప్పునీళ్ళు కాదు. ఉప్పు ఆవిరి కాదు కదా.

తరువాతది కరెంటు. వైశాఖ మాసపు సాయంత్రాల్లో కాలబైశాఖి గాలివాన విరుచుకుపడి కరెంటు పోతే దీపం ఆరినా పగడం ఓర్చుకుంటుంది. నీటి కదలిక ఆగితే కొద్ది గంటల్లోనే ప్రాణవాయువు తగ్గిపోతుంది. కనుక ఇన్వర్టరు మీద ముందు వేవ్‌మేకరును పెట్టండి, దీపాన్ని తరువాత చూసుకోవచ్చు. ఉప్పునీళ్ళూ కరెంటూ పక్కపక్కనే ఉండే చోట, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఈఎల్‌సీబీ తప్పనిసరి. ప్లగ్గులు నీటి మట్టానికి పైనుండాలి, తీగలు కిందికి వంగి మళ్ళీ ప్లగ్గుకు ఎక్కాలి.

ఇక నీళ్ళు. ఎర్రనేల బావినీటిలో ఇనుము ఉండవచ్చు, కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. ఆర్ఓ తరువాత డీఐ రెసిన్ కూడా దాటించి, టీడీఎస్ సున్నా వచ్చిన నీళ్ళలోనే అక్వేరియం ఉప్పు కలపాలి. వంట ఉప్పు పనికిరాదు. సముద్రంలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో సోడియం క్లోరైడ్‌తోపాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేట్లు ఉంటాయి. ఎముక కట్టే పగడానికి లీటరుకు 400 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం కావాలి. దీఘా నుంచి డబ్బాల్లో తెచ్చిన నీళ్ళలో ఒండ్రు ఉంటుంది, ఉప్పదనం ఋతువును బట్టి మారుతుంది, కనుక అవీ పనికిరావు.

సముద్రాన్ని ఖాళీ చేసి తొట్టి నింపొద్దు

మన దేశంలో రాతి పగడాలన్నీ, నల్ల పగడాలు, నిప్పు పగడాలు, ఆర్గాన్ పైప్ పగడం, సీ ఫ్యాన్లు వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటో షెడ్యూలులో ఉన్నాయి. సముద్రపు గుర్రాలకూ అదే రక్షణ. వీటిని తీయడం, అమ్మడం, కొనడం నేరం. దిబ్బ నుంచి విరిచి తెచ్చిన రాయి కూడా పగడమే. కోల్‌కతా గాలిఫ్ స్ట్రీట్ ఆదివారం సంతలో ఎవరైనా తక్కువ ధరకు రాతి పగడం చూపిస్తే చేతులు వెనక్కి పెట్టుకోండి. కృత్రిమంగా చేసిన పింగాణీ రాళ్ళు, తొట్టెల్లోనే ముక్కలుగా పెంచిన మెత్తని పగడాలు ఉన్నాయి. విదేశీ జాతి ఏదైనా కొనేముందు కాగితాలు అడగండి, నమోదు అవసరమేమో అటవీ శాఖలో కనుక్కోండి. క్లౌన్ చేపల్ని హేచరీలో పెంచే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపంలో అభివృద్ధి చేసింది. అలా పుట్టినవాటినే ఎంచుకోండి. అవన్నీ మగవిగానే పెరిగి, గుంపులో పెద్దది ఆడదిగా మారే వింత మన ఇంట్లోనే చూడొచ్చు.

ఒక హెచ్చరిక. జోయాంథిడ్లు అనే బొత్తాల పగడాల్లో కొన్నిటికి పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. చేతి తొడుగులు, కళ్ళద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. తొట్టి రాళ్ళను ఎన్నడూ ఉడకబెట్టవద్దు, ఆ ఆవిరి ప్రాణం మీదికి తెస్తుంది. పసిపిల్లలున్న ఇంట్లో వీటిని తేకపోవడమే మేలు.

మొదలుపెట్టేముందు ఒకసారి దీఘా వెళ్ళి, 1989లో భారత జంతు సర్వేక్షణ సంస్థ నెలకొల్పిన సముద్ర అక్వేరియం చూడండి. మన తీరపు జీవాలను ముందు పరిచయం చేసుకోండి. అక్కడితో మనసు నిండితే ఇంట్లో తొట్టి అక్కర్లేదు. ఇంకా కావాలనిపిస్తే, చేతిలో ఉన్న డబ్బులో పెద్ద వాటా దీపానికీ స్కిమ్మరుకూ చిల్లరుకూ పెట్టండి. మెత్తని పగడాలు రెండు మూడింటితో మొదలుపెట్టి, ఏడాదిపాటు వాటిని బాగా చూసుకోగలిగితే అప్పుడు ఇంకొకటి తెచ్చుకోండి.